సన్నాయి ఖాసిం గుండెను పెర్సిస్ చదివిన రోజు

మా వీధి పెర్సిస్ ఒక మనిషి గుండె చేత అబద్ధం ఒప్పించింది. తాడేపల్లిగూడెంలో, పట్టపగలు, పన్నెండు కొట్టడానికి పది నిమిషాల ముందు. చీకటి గదిలో ఆ గుండెను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, "ఇక నిజం చెప్పు" అంది. గుండె నోరు తెరిచి చెప్పింది. నేను ఆ గదిలోనే ఉన్నాను. నా రెండు చెవులతో విన్నాను.

సరే, నోరు తెరిచిందని ప్రమాణం చేయమంటే చేయను. కాన్వెంటులో మా సిస్టర్ ప్రమాణం చేసినవాడి వేళ్ల మీద స్కేలుతో కొట్టేది, ఆ వేళ్లతోనే ఇది రాస్తున్నాను. మాట్లాడిందని కూడా అనను. తెర మీద రెండు గుట్టల్ని గీసి చూపించింది, అంతే. కానీ అంతకు ముందు ముప్పావుగంట సేపు అదే గుండె అదే తెర మీద ఇంకో బొమ్మ చూపించి చదువుకున్న డాక్టర్లను నమ్మించింది. ఆ మాట మీద నేను వెనక్కి తగ్గను.

పెర్సిస్‌కు ముప్పై ఆరేళ్లు. మనిషి సన్నం, మాట మెత్తన, నడక మాత్రం రైలు తప్పిపోతున్నదానిలా ఉంటుంది. ఏలూరు పవర్‌పేటలో మా ఇంటికి నాలుగు గుమ్మాల అవతల ఉంటుంది. రోజూ పొద్దున్న పాసింజరు ఎక్కి తాడేపల్లిగూడెం వెళ్లి, అక్కడ ఒక ఆసుపత్రిలో ఎకో తీస్తుంది. ఎకో అంటే ఛాతీ మీద జెల్లీ రాసి, గుప్పిట్లో పట్టే ప్రోబు ఆనించి, లోపల ఆడుతున్న గుండెను తెర మీద చూసే పరీక్ష. ఏడాదికోసారి నాదీ చూస్తుంది. ఇంకెవరి చేతికీ నా గుండె ఇవ్వను.

వీళ్లది గుండుగొలను. తండ్రి యేసుదాసు హార్మోనియాలు బాగుచేసేవాడు. భీమడోలు నుంచి తణుకు దాకా ఏ చర్చిలో హార్మోనియం గొంతు పోయినా సైకిలు మీద ఆయనే వెళ్లేవాడు. చిన్నప్పుడు పెర్సిస్ ఆయన వెనక కూర్చుని వెళ్లి, ఆయన మెట్లు సరిచేస్తుంటే తిత్తి కొట్టేది. "తోలు మొద్దుబారిందనుకో తల్లీ, తిత్తి మూసుకోడానికి బాగానే మూసుకుంటది. తెరుచుకోడానికే ఏడుస్తది. గాలి నిండదు" అని యేసుదాసు చెప్పేవాడట. పెద్దయ్యాక ఆ అమ్మాయి చేసే పని అదే. గుండె ఎంత గట్టిగా పిండుతుందో అందరూ చూస్తారు. పిండాక ఎంత మెత్తగా వదులవుతుందో, వదులై రక్తాన్ని ఎంత తేలిగ్గా నింపుకుంటుందో పెర్సిస్ చూస్తుంది.

వదులు కాకపోతే ఏమవుతుందో మా ప్రాంతం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కొల్లేరు సాగినంత కాలం ఎంత వరద వచ్చినా తనలో పెట్టుకుంది. చేపల చెరువుల గట్లు చుట్టూ బిగిసేసరికి సాగడానికి చోటు లేక, అందులో కలిసే తమ్మిలేరు నీళ్లు వెనక్కి తన్ని ఊళ్ల మీద పడ్డాయి. గుండె బిగుసుకున్నా అంతే. రక్తం వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

ఆ నీరు ఎలా ఉంటుందో పెర్సిస్ ఒకసారి చూసింది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నాగరత్నం అని ఒకావిడ ఆపరేషనుకు ముందు ఎకోకు వచ్చింది. పంపింగ్ బాగుంది. వదులయ్యే తీరు గురించి రాయాల్సిన చోట, కంప్యూటర్లో ముందే అచ్చు వేసి ఉండే "నార్మల్" అన్న వాక్యాన్ని పెర్సిస్ అలాగే ఉంచేసింది. ఎవరైనా అలాగే ఉంచుతారు. ఆపరేషనైన మూడో రోజు నుంచి నాగరత్నం నీళ్లలో మునిగినదానిలా గురగురమంటూ పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. బతికింది. ఆ పదకొండు రోజులూ డ్యూటీ అయ్యాక పెర్సిస్ వెళ్లి ఆవిడ మంచం దగ్గర నిలబడి వచ్చేది. అప్పటినుంచి ఏ పేషెంటు వచ్చినా ముందు ఆ అచ్చు వాక్యాన్ని చెరిపేస్తుంది. ఆ చోటు ఖాళీగా ఉంటే తప్ప ప్రోబు చేతిలోకి తీసుకోదు.

కిందటి జనవరిలో ఒక మంగళవారం. నా పరీక్షకని పెర్సిస్‌తో పాటే పాసింజరులో వెళ్లాను. ఎకో గదిలో రెండు మంచాలు, మధ్యలో ఆకుపచ్చ గుడ్డ తెర. ఒకరికి తీస్తుండగా ఇంకొకరు చొక్కా విప్పుకుని సిద్ధంగా పడుకోవాలి. నేను రెండో మంచం మీద ఛాతీకి వైర్లు అంటించుకుని పడుకున్నాను. ఏసీ చలికి పళ్లు టకటకమంటున్నాయి. పదకొండవుతుండగా మొదటి మంచం మీదికి సన్నాయి ఖాసిం వచ్చాడు.

ఖాసిం సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఆయన గూడెంలో ఒకసారి ఊపిరి పీల్చి సన్నాయి అందుకుంటే ఆ ఊపిరి మీదే రైలు భీమడోలు చేరేది. అది కొంచెం ఎక్కువ చెప్పాననుకోండి. ఒక పెళ్లి ఊరేగింపు రైల్వే గేటు దగ్గర ఆగిపోయినప్పుడు, గేటు పడిన దగ్గర్నుంచి గూడ్సు బండి వెళ్లి గేటు లేచేదాకా ఒకే స్వరాన్ని తెగకుండా పట్టడం మాత్రం నేను చూశాను. అరవై నాలుగేళ్ల మనిషి. పదిహేనేళ్లుగా బీపీ. పొత్తికడుపు కింద హెర్నియా దిగి ఆరు నెలలైంది. ఆ రోజు పన్నెండింటికి ఆపరేషను. మత్తు డాక్టరు గీతాంజలి గారు బీపీ చూసి, గుండె రిపోర్టు చేతికొస్తే తప్ప సూది పట్టనన్నారట. అందుకని పంపారు.

వెంట భార్య చాంద్ బీ. గుడ్డ తెర సందులోంచి ఇద్దరూ నాకు సగం సగం కనిపిస్తున్నారు.

"రాత్రి ఎన్ని దిళ్లు వేసుకుంటారండీ బాబాయిగారూ?" పెర్సిస్ అడిగింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరేవాళ్లు పడుకుంటే ఆయాసమొచ్చి తలకింద ఎత్తు పెంచుకుంటూ పోతారట.

"రెండు."

"మూడు" అంది చాంద్ బీ. "మూడోది గోడకి ఆనించుకుంటారు. అది దిండు కాదంటారు."

"అది గోడకి చలెయ్యకుండా పెడతానమ్మాయ్. త్వరగా కానీ. ఉగాదికి ముందే కొల్లేటికోట జాతర. ఇవాళ కోయించుకుంటేనే అప్పటికి సన్నాయి పట్టగలను. మా తాతల నాటి నుంచి అమ్మవారి ముందు మా ఇంటి సన్నాయే."

పెర్సిస్ తీయడం మొదలుపెట్టింది. మిషన్ లోంచి బుస్ బుస్ మని రక్తం చప్పుడు. కొంతసేపటికి ఆ చప్పుడు ఒకచోటే ఆగి, మళ్లీ మళ్లీ అదే వినిపించింది. చూసిందే చూస్తున్నదని నాకు అర్థమైంది.

తెర మీద పెర్సిస్ చూసేదేమిటో రైల్లో ఎన్నోసార్లు చెప్పించుకున్నాను కాబట్టి చెప్పగలను. గుండె నిండేటప్పుడు రెండు గుట్టలు కనిపిస్తాయి. మొదటిది గుండె తనంతట తాను వదులైనప్పుడు పైగది నుంచి జారే రక్తం. రెండోది చివర్లో పైగది నెట్టే రక్తం. కుర్రవాళ్లలో మొదటి గుట్ట పెద్దది. వయసు మీదపడి గుండె కాస్త బిగుసుకుంటే మొదటిది తగ్గి రెండోది పెరుగుతుంది. నాకు అలాగే ఉంటుంది, అది పరవాలేదు. ఇంకా బిగుసుకుంటే పైగదిలో ఒత్తిడి పెరిగి, ఆ ఒత్తిడే రక్తాన్ని తోసి మొదటి గుట్టను మళ్లీ పెద్దది చేస్తుంది. అప్పుడు రోగిష్టి గుండె కుర్ర గుండెలా కనిపిస్తుంది. గుండె ఆడే అబద్ధం అదే.

ఖాసిం మొదటి గుట్ట ఎత్తు తొంభై. రెండోది డెబ్బై. పదిహేనేళ్ల బీపీ మనిషికి పాతికేళ్ల కుర్రాడి బొమ్మ.

అది నిజమా అబద్ధమా తేల్చడానికి ఇంకో నాలుగు కొలతలుంటాయి. పెర్సిస్ నాలుగూ తీసింది. గుండె గోడ కదిలే వేగం తక్కువగా ఉంది, పైగది కొద్దిగా సాగింది. ఈ రెండూ రోగం ఉందన్నాయి. మిగతా రెండూ లేదన్నాయి. ఇద్దరు సాక్షులు అటు, ఇద్దరు ఇటు.

తలుపు తెరుచుకుంది. థియేటర్ అటెండరు తాతారావు స్ట్రెచర్ చక్రాన్ని గడపకు తాటించి, "మేడమ్, అయ్యిందాండీ? పైన అడుగుతున్నారండి" అన్నాడు.

"ఐదు నిమిషాలండీ."

పెర్సిస్ ఫోన్ అందుకుంది. గుండె డాక్టరు హర్షవర్ధన్ గారు పొద్దున్న ఏలూరులో ఉంటారు, గూడెం వచ్చేది మధ్యాహ్నమే. బొమ్మలు ఫోనులో పంపితే చూసి చెబుతారు. స్పీకరు పెట్టింది కాబట్టి నాకూ వినిపించింది.

"పంపింగ్ అరవై రెండు ఉంది కదమ్మా. ఇంకేంటి?"

"నింపుకోవడం దగ్గర అనుమానంగా ఉందండి సార్. రెండు అటూ రెండు ఇటూ ఉన్నాయండి. నడుముకి మత్తిస్తే బీపీ పడుద్ది. పడగానే సెలైన్ స్పీడుగా వదులుతారు. ఈయన గుండె నిజంగా బిగిసుంటే అదంతా ఊపిరితిత్తుల్లోకి పోద్దండి."

"పోయిన నెల కూడా ఇలాగే ఒక కేసు ఆపించావు. చివరికి ఏం లేదు. సర్జన్ గారు నన్ను మాటలన్నారు. నీకు భయం ఎక్కువ పెర్సిస్."

"అవునండి సార్."

"సరే. ముక్కించి చూడు. మారితే ఆపుదాం. మారకపోతే నార్మల్ రాసి పంపించెయ్. ఇంక నాకు ఫోన్ చేయకు, లోపలికెళ్తున్నాను."

ముక్కించడం అంటే, ఊపిరి బిగబట్టి పదిసెకన్లు గట్టిగా ముక్కితే ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు వచ్చే రక్తం తగ్గుతుంది. పైగది ఒత్తిడి దిగిపోతుంది. అబద్ధపు బొమ్మ అయితే అప్పుడు కూలిపోయి, అసలు బొమ్మ బయటపడుతుంది. అందరికీ ముక్కడం చేతకాదు కాబట్టి ఒక సిరంజి నోట్లో పెట్టి, ఊది లోపలి పుల్లను కదపమంటారు.

"బాబాయిగారండీ, ఇది నోట్లో పెట్టుకుని ఊపిరి బిగబట్టి ఊదండి. పుల్ల పైకి లేచి అలాగే నిలబడాలి. పదిసెకన్లు చాలండి."

ఖాసిం నవ్వాడు. "పదేనా? నువ్వు చాలన్నదాకా పట్టుకుంటాను."

పట్టుకున్నాడు. తెర సందులోంచి చూశాను, బుగ్గలు రెండూ పొంగిన పూరీల్లా లేచాయి. సిరంజి పుల్ల లేచి నిలబడిపోయింది. పెర్సిస్ పది లెక్కపెట్టింది. ఇరవై. నలభై అయ్యేసరికి చాలంది. ఖాసిం సిరంజి తీసి, నిద్రలేచినంత తేలిగ్గా "ఇంకోసారి ఊదనా?" అన్నాడు.

మొదటి గుట్ట అదే తొంభై. రెండోది డెబ్బై. గీత కూడా కదల్లేదు.

"బాగుందా అమ్మాయ్?" అంది చాంద్ బీ.

"మారలేదండి" అంది పెర్సిస్, అదే మాట డాక్టరు గారి ఫోనుకూ పంపుతూ. ఆ గొంతులో సంతోషం లేదు.

తాతారావు ఆ మాట కోసమే గడపలో నిలబడి ఉన్నాడు. ఖాసింను స్ట్రెచర్ మీదికి జరిపి, "రిపోర్టు వెనకాల పంపించండి మేడమ్" అని తోసుకుపోయాడు. చాంద్ బీ చెప్పులు చేత్తో పట్టుకుని వెనక పరిగెత్తింది. చక్రాల చప్పుడు లిఫ్టు దాకా వెళ్లి ఆగింది. గోడ గడియారంలో పదకొండు ముప్పై ఆరు.

గదిలో నేనూ పెర్సిస్ మిగిలాం. అది కంప్యూటర్ ముందు కూర్చుంది. ఖాళీ చోటులో నల్ల గీత ఒకటి వెలిగి ఆరుతోంది. డాక్టరు చెప్పినట్టు నార్మల్ అని ఆరు అక్షరాల ఇంగ్లీషు మాట టైపు కొట్టేస్తే అయిపోతుంది. పైనుంచి ఫోన్ మోగింది. గీతాంజలి గారు. "పెర్సిస్, ఎకో ఎలా ఉంది? సెలైన్ మొదలుపెట్టమంటావా?"

"రెండు నిమిషాలు మేడమ్" అని పెట్టేసింది.

"కొట్టెయ్యవే, డాక్టరే చెప్పాడుగా" అన్నాను నేను. నాకు చలిగా ఉంది, నా పరీక్ష మొదలైతే బాగుండునని ఉంది. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"మారకూడదు కానీ, ఇంత మారకుండా కూడా ఉండకూడదండీ తాతగారూ."

"అంటే?"

"మంచి గుండె అయినా ముక్కితే రెండు గుట్టలూ కాస్త తగ్గాలండి. లోపలికొచ్చే రక్తమే తగ్గుతుంది కదా. ఈయనకి వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. నలభై సెకన్లు."

వీడియో వెనక్కి తిప్పింది. తిప్పి, చప్పుడు తీసేసి, ముఖం తెరకు ఆనించినంత దగ్గరగా పెట్టి చూసింది. ఒకసారి. రెండోసారి. నేను వైర్లు లాక్కుంటూ లేచి గుడ్డ తెర పక్కకు జరిపాను.

"చూడండి, బొమ్మ ఊగుతోంది" అంది. "ఊపిరి బిగబట్టినవాడి గుండె ఒక్కచోట నిలబడాలండి. ఇది పక్కకెళ్తోంది, వస్తోంది. మధ్యలో ఊపిరితిత్తి అడ్డమొచ్చి నల్లబడుతోంది. సిరంజి పుల్ల లేచే ఉంది, ఈయన మాత్రం హాయిగా ఊపిరి పీల్చుకుంటున్నారు."

అప్పుడు నాకు వెలిగింది. "బుగ్గలే" అన్నాను. "సన్నాయి వాళ్లందరూ అంతే. బుగ్గల్లో గాలి నింపి దాంతో ఊదుతూ, ముక్కుతో కొత్త గాలి తీసుకుంటారు. ఆ రైల్వే గేటు..."

నేను మాట పూర్తి చేసేసరికి కుర్చీ ఖాళీ. గుమ్మంలోంచి పెర్సిస్ చెప్పుల చప్పుడు మెట్ల మీద వినిపించింది. లిఫ్టు కోసం ఆగలేదు.

పైన ఏం జరిగిందో నేను చూడలేదు కాబట్టి నాకు చెప్పినంతే రాస్తాను. థియేటర్ తలుపు దగ్గర ఖాసిం చేతికి సూది గుచ్చి సెలైన్ సీసా తగిలించారు, ఇంకా వదల్లేదు. పెర్సిస్ వెళ్లి స్ట్రెచర్ చువ్వ పట్టుకుంది. తాతారావు, "డాక్టరు గారు సరేనన్నారు కదండీ" అన్నాడు. పెర్సిస్, "నేనింకా అనలేదండీ తాతారావు గారూ" అంది. గీతాంజలి గారు మాస్కు దించి దాని ముఖం వైపు చూసి, "పదిహేను నిమిషాలు. ఆ తర్వాత సర్జన్ గారికి నువ్వే చెప్పుకోవాలి" అన్నారట.

చక్రాలు వెనక్కి వచ్చాయి. ఖాసిం ముఖం కందగడ్డలా ఉంది.

"ఏం ఆటమ్మాయ్ ఇది? ఊదమన్నావు, ఊదాను."

"మీరు బుగ్గలతో ఊదారండీ. పొట్టతో ముక్కాలండి."

"ముక్కనా? ఆరు నెలల నుంచి ముక్కొద్దు, ముక్కితే పేగు బయటికొచ్చి ఇరుక్కుంటది అని మీ డాక్టర్లే కదా నాకు చెప్పింది? దొడ్డికి కూడా భయపడుతూ కూర్చుంటున్నాను. అందుకే బుగ్గలతో కానిచ్చాను. దగ్గు వచ్చినా ఈవిడ నా మీద పడి అదిమేస్తది."

పెర్సిస్ చేతిలో ప్రోబు అలాగే ఉండిపోయింది. ఆయన చెప్పింది నిజం. ముక్కించకపోతే గుండె సంగతి తేలదు. ముక్కిస్తే హెర్నియా బయటికి పొడుచుకొచ్చి బిగుసుకోవచ్చు. అలా బిగుసుకుంటే ఇక వాయిదా వేయడానికి కూడా ఉండదు, గుండె ఎలా ఉన్నా ఆ క్షణమే కోయాలి. గడియారంలో పదకొండు నలభై నాలుగు.

"పిన్నిగారండీ" అంది చివరికి, "దగ్గొస్తే ఎలా అదుముతారో నాకు చూపించండి."

చాంద్ బీ తువ్వాలు మడిచి, ఆయన పొత్తికడుపు కింద పెట్టి అరచేత్తో నొక్కింది. ఆరు నెలల అనుభవం. పెర్సిస్ తన చేత్తో తడిమి చూసి తలూపింది. "పది లెక్కపెట్టేదాకా ఆ చెయ్యి తియ్యకండి. నొప్పి అన్నారంటే నేను వెంటనే ఆపేస్తాను." తర్వాత నా వైపు తిరిగింది. "తాతగారండీ, ఇటు రండి. ఒక చేత్తో ఈయన ముక్కు పట్టుకోండి. రెండో చేత్తో బుగ్గలు."

"నేనా?"

"నాకు రెండు చేతులే ఉన్నాయండి."

చొక్కా లేకుండా, వైర్లు వేలాడుతూ, నేను ఖాసిం తలవైపు నిలబడి ఒక చేత్తో ఆయన ముక్కు మూసి, రెండో చేత్తో బుగ్గలు రెండూ నొక్కి పట్టుకున్నాను. యాభై ఏళ్ల సన్నాయి బుగ్గలు. నానబెట్టిన తోలులా చేతిలోంచి జారిపోతున్నాయి. పెర్సిస్ కుడిచేత్తో ప్రోబు ఆనించి, ఆ మోచేతిని ఆయన పొట్ట మీద పెట్టింది. ఎడమ చెయ్యి మిషన్ మీద.

"నా మోచేతిని పొట్టతో పైకి తొయ్యండి బాబాయిగారూ. సన్నాయి మర్చిపోండి. బురదలో దిగబడిన బండిని తోస్తున్నాననుకోండి. ఊఁ."

ఖాసిం కళ్లు మూసుకున్నాడు. ఒకటి, రెండు. నా చేతికింద బుగ్గలు లేవబోయాయి, నొక్కేశాను. మూడు. పెర్సిస్ మోచెయ్యి లేచింది. నాలుగు. ఆయన మెడ నరాలు తాళ్లలా ఉబ్బాయి. "బయటికి తోస్తోందమ్మాయ్" అంది చాంద్ బీ, రెండో అరచెయ్యి కూడా వేసి. ఐదు. ఆరు. పెర్సిస్ ఆపమనలేదు. ఆయన నొప్పి అనలేదు. అనడానికి నోరు నా చేతిలో ఉందని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఏడు. మిషన్ చప్పుడు మారింది. గాలిలో జెండా కొట్టుకున్నట్టున్న బుస్ బుస్ తగ్గి, వెనక ఇంకోటి లేచింది. ఎనిమిది. తొమ్మిది.

"వదిలెయ్యండి."

ముగ్గురం వదిలేశాం. చాంద్ బీ తప్ప. ఆవిడ చెయ్యి తీయలేదు. తువ్వాలు కింద కోడిగుడ్డంత ఉబ్బు లేచింది. ఖాసిం లేచి కూర్చుని దగ్గడం మొదలుపెట్టాడు. దగ్గినప్పుడల్లా ఆవిడ అదుముతోంది, పెదవులు మాత్రం కదులుతున్నాయి. పెర్సిస్ తెర వైపు చూడలేదు. అంత కష్టపడి తీసిన బొమ్మను వదిలేసి, ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కాళ్లు మడిపించి, చాంద్ బీ చేతి మీద తన చెయ్యి వేసింది. నిమిషం. ఇంకో నిమిషం. నేను గోడ గడియారం వైపు చూడడం మానేశాను. బుళుక్కున చిన్న చప్పుడైంది. ఉబ్బు లోపలికి జారిపోయింది.

"వెళ్లింది" అంది చాంద్ బీ, నేల మీద కూలబడి.

అప్పుడు పెర్సిస్ తెర వైపు తిరిగింది. మొదటి గుట్ట యాభై. రెండోది ఎనభై. కుర్రాడి బొమ్మ పోయి, బిగుసుకుపోయిన గుండె బొమ్మ మిగిలింది. పదకొండు యాభై. మొదట చెప్పాను చూశారా, నోరు తెరిచిందని, అదీ ఈ క్షణమే.

ఖాళీగా ఉన్న చోటులో పెర్సిస్ టైపు చేసింది. గుండె పిండటం బాగుంది, వదులవటం బాగాలేదు, లోపలి ఒత్తిడి పెరిగి ఉంది, రెండో దశ. చదివి, ఒక అక్షరం దిద్ది, పైకి పంపింది. డాక్టరు గారికి బొమ్మ పంపింది, ఫోన్ చేయలేదు. చేయొద్దన్నారు కదా. ఆయనే చేశారు.

"ఇందాక మారలేదన్నావు."

"ఇందాక నేను సరిగ్గా ముక్కించలేదండి సార్. తప్పు నాదే."

"ఊఁ." కాగితాలు తిరగేసిన చప్పుడు. "ఆపించు. నీరు తీసే మాత్ర మొదలుపెడదాం. బీపీ దారిలోకొచ్చాక, ఆ చోటుకి మాత్రమే మత్తిచ్చి, సెలైన్ బొట్లు బొట్లుగా పెట్టి చేయమందాం. సర్జన్ గారికి నేను చెప్తాలే."

ఖాసిం మాత్రం సంతోషించలేదు. చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుంటూ, "నా జాతర పోయింది" అన్నాడు. "అమ్మవారి ముందు మా ఇంటి సన్నాయి లేకుండా చేశావు. నా గుండె నాకు తెలవదా? గేటు లేచేదాకా ఊదినోడిని."

"తెలుసండీ" అంది పెర్సిస్. నాగరత్నం మాట చెప్పలేదు, ఊపిరితిత్తుల్లో నీరు మాట చెప్పలేదు. ఆయన చేతికున్న సూది తీసి దూది అదిమి పట్టుకుంది. ఆయన చెయ్యి లాక్కున్నాడు.

నాలుగు వారాల తర్వాత ఆపరేషన్ అయింది. ఎక్కడా అడ్డు రాలేదు. జాతరలో ఖాసిం అన్న కొడుకు జాహిద్ ఊదాడు. ఖాసిం రేవు దగ్గర కుర్చీ వేసుకుని, జాహిద్ ఊదిన ప్రతి పాటకూ తప్పు పట్టాడని విన్నాను. పెర్సిస్‌తో ఇప్పటికీ మాట్లాడడు. రాత్రి ఒకటే దిండు వేసుకుంటున్నారని చాంద్ బీ స్టేషన్లో కనిపించినప్పుడు చెప్పింది. పెర్సిస్ ఆ మాట విని రైలెక్కి, దెందులూరు దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

ఇదంతా రాసి, తప్పులుంటే దిద్దమని నిన్న పాసింజరులో దాని చేతిలో పెట్టాను. ఒకసారి చదివింది. వెనక్కి తిప్పి మళ్లీ చదివింది. కాగితాలు అంచులు కలిపి సమంగా మడిచి నా ఒళ్లో పెట్టింది.

"ఆ మంగళవారం నేను సెలవులో ఉన్నానండీ తాతగారూ" అంది. "ఖాసిం గారనే మనిషిని నేనెప్పుడూ చూడలేదు. మా ఎకో గదిలోకి పేషెంటును తప్ప ఇంకొకరిని రానివ్వం, అక్కడ రెండో మంచమే లేదు. నేను ఏ ఆపరేషనూ ఆపలేదండి. ఎవరి బుగ్గలూ ఎవరూ పట్టుకోలేదు. ఇందులో ఒక్క ముక్క కూడా జరగలేదండి."